నవరాత్రులలో తొలి ఏకాదశి

‘ఫార్మాటు కొట్టేద్దాం సార్’ అనే ఒక్క వాక్యం తెలుగునాట ఎన్ని సంగణకాల జ్ఞాపకాలను తుడిచిపెట్టిందో లెక్క వ్రాసినవారు లేరు. నవీకరణ దిగకపోతే ఫార్మాటు. యంత్రం నెమ్మదిస్తే ఫార్మాటు. ప్రింటరు పలుకకపోతే ఫార్మాటు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగులబెట్టుకొన్నవాడి సామెత మనకు ఎప్పటినుంచో ఉంది. దానిని వృత్తిగా చేసుకొన్నవారిని మాత్రం ఈ కాలంలోనే చూస్తున్నాను. వారిని నిందించి ప్రయోజనం లేదు. గంటకు నలుగురు వచ్చిపడే దుకాణంలో ఒక్కొక్క రోగికీ నాడి పట్టి కూర్చుంటే పూట గడవదు. ఐనా తుడిచివేతకు ముందు ఒక్క రాత్రి ఆగి చూడవలసిన సందర్భాలు ఉంటాయి. అటువంటిది నాకు 2025 సెప్టెంబరులో ఎదురయింది. ఆ ముచ్చటే ఈ టపా. సాంకేతికులైన మిత్రులకు ఇది ఒకటవ తరగతి పాఠంలా తోచవచ్చు. వారు ఛందస్సు దగ్గరకు వచ్చేదాకా కొంచెం ఓపిక పట్టాలి. (ఇందులోకి ఛందస్సు ఎందుకు వస్తుందంటారా? వస్తుంది, చూద్దురుగాని.)

నా లాప్‌టాప్ 2014లో కొన్నది. ఎద్దయితే ఈపాటికి కాడి దింపి కట్టుకొయ్య దగ్గర గడ్డి వేసేవారు. 2023లో దాని బాటరీ ఉబ్బి అడుగుపలకను పైకి లేపితే తీయించివేశాను. అప్పటినుంచి నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించి వాడుతున్నాను. రాత్రి పడుకొనేముందు గోడమీది స్విచ్చులన్నీ కట్టివేయడం మా ఇంట మా నాన్నగారి నాటి ఆచారం. ఈ రెండు సంగతులూ మీరు గుర్తుంచుకోవాలి, ముందుముందు వాటితో పని ఉంది. వార్తలు, ఉత్తరాలు, మీ అందరి బ్లాగులు నేను చూసేది ఫోనులోనే. లాప్‌టాప్ కేవలం వ్రాతబల్ల. తెర అడుగున ఉండే పట్టీని కూడా దాచి ఉంచుతాను, పుటకు మరి రెండు పంక్తుల చోటు కలిసివస్తుందని.

ఆ వ్రాతబల్ల సొరుగులో నా భార్య పాటలున్నాయి. ఆమె పాడినవి కావు, ఆమె ఎక్కించినవి. తన పుట్టింటివైపు ముసలమ్మల పక్కన కూర్చొని సేకరించిన పెండ్లిపాటలు, మంగళహారతులు, జోలలు, దంపుళ్ళ పాటలు, మొత్తం 340. 2003 నుంచి 2009 వరకు, వంటింటి పని తెమిలిన తరువాత, రోజుకు ఒకటి రెండు చరణాల చొప్పున టైపు చేసింది. ఒక పాటకు మూడు పాఠాంతరాలు దొరికితే మూడూ ఇచ్చింది. ఏది ఏ ఊళ్ళో విన్నదో కింద వ్రాసింది. నేను పండితుణ్ణి కదా అని రెండు మూడు చోట్ల ‘ఇది అపశబ్దం, సవరించవచ్చు’ అంటే, ‘ఆవిడ అట్లాగే పాడింది’ అని ఒక్క మాటతో తేల్చివేసేది. 2019లో వెళ్ళిపోయింది.

ఆమె టైపు చేసిన కాలానికి మా ఇంట యూనికోడు లేదు. ఒక డీటీపీ మృదులాంత్రం, దానితోపాటు వచ్చిన ఖతి, అంతే. ఆ ఖతుల మాయ మీలో పాతవారికి తెలిసినదే. లోపల దాగినది ఆంగ్లాక్షరం, పైన తొడిగిన ముసుగు తెలుగు. తలకట్టు ఒక సంకేతం, గుడి ఒక సంకేతం, ఒత్తు మరొక సంకేతం. ఖతి ఉన్నంతసేపు చక్కని తెలుగు పుట. అది తప్పుకొన్న మరుక్షణం ప్రశ్నార్థకాలు, కొక్కేలు, డాలరు గుర్తులు. విండోస్ ఎక్స్‌పీ రోజులలో యూనికోడు తెలుగు పెట్టెలు పెట్టెలుగా కనబడితే సీడీ పెట్టి ‘కాంప్లెక్స్ స్క్రిప్టు’ మద్దతును చేర్చుకొని, గౌతమి ఖతిలో మొదటిసారి మన అక్షరాలు చూసి మురిసిపోయినవాళ్ళం మనం. అప్పటికీ ఈ పాటలు ముసుగులోనే ఉండిపోయాయి. మార్పిడి పరికరాలు వాడకపోలేదు. వాటితో మార్చినప్పుడు ఒత్తులు పక్క అక్షరానికి జారుతాయి, ‘క్ష’ రెండు ముక్కలవుతుంది, ‘ఘ’ ఒక్కొక్కచోట ‘ఫ’ అయి కూర్చొంటుంది. కనుక పాత పుటను ఎడమవైపు, కొత్త పుటను కుడివైపు పెట్టుకొని అక్షరమక్షరం సరిచూస్తున్నాను. పాత పుట కనబడాలంటే ఆ పాత మృదులాంత్రం ఉండాలి. దాని అనుమతి తాళం ఈ యంత్రానికే పడి ఉంది. స్థాపించుకొనే సీడీ గీతలు పడి ఎప్పుడో మూగబోయింది. నేను చెబుతున్న నాటికి 212 పాటలు పూర్తయినాయి, 128 మిగిలి ఉన్నాయి. ఫార్మాటు కొడితే దస్త్రాలు పెన్‌డ్రైవులో ఉంటాయి, నిజమే. వాటిని చదివే కన్ను మాత్రం పోతుంది.

ఇక నవీకరణ అంత అవసరమా అంటారేమో. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, వారి జాబితాలో ఉన్న ప్రాసెసరు కావాలి. మా ముసలిదానికి రెండూ లేవు. ఐతే ఇళ్ళలో వాడుకొనేవారికి మరొక్క సంవత్సరం, అంటే 2026 అక్టోబరు 13 వరకు, భద్రతా నవీకరణలు అందుకొనే వెసులుబాటు ఇచ్చారు. దానికి నమోదు చేసుకోవాలి. నమోదు కావాలంటే యంత్రంలో 22హెచ్2 అనే సంచిక ఉండి, దానిమీద తాజా నవీకరణలన్నీ దిగి ఉండాలి. 128 పాటలకు నా వేగంతో ఒక సంవత్సరం పడుతుంది. నాకు కావలసిన గడువూ వారు ఇచ్చిన గడువూ సరిగ్గా సరిపోయినాయి. ద్వారం దగ్గరకు చేరడమే కుదరడం లేదు.

2025 జూలై 3న బెంగళూరులో అమ్మాయి దగ్గరకు వెళ్ళాను. మనుమరాలి ముద్దుముచ్చట్లతో 69 రోజులు గడిచిపోయి, సెప్టెంబరు 10న తెనాలి తిరిగి వచ్చాను. ఇల్లు దులుపుకొని, లాప్‌టాప్ తెరచి, ఫోను హాట్‌స్పాటుతో అంతర్జాలం అందించి, నవీకరణ మీట నొక్కాను. కొంతసేపు గిరగిర తిరిగి ఒక సంఖ్య చూపించి ఆగింది: సున్నా ఎక్స్ 80072ఎఫ్8ఎఫ్. మరునాడూ అదే సంఖ్య. ఆ పై రోజూ అదే. వరుసగా వారం రోజులు ఉదయం పూట అష్టోత్తరంలాగా ఆ సంఖ్యను దర్శించుకొన్నాను.

ఎదురింటి కుర్రవాడు ఇంజనీరింగు మూడవ సంవత్సరం. పిలిస్తే పరుగున వచ్చాడు, మంచివాడు. నవీకరణ సేవను ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు. దిగి సగంలో ఆగిపోయిన సరుకు పేరుకొని ఉండే ‘సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్’ అనే సంచిని ఖాళీ చేశాడు. నల్లని కిటికీ ఒకటి తెరచి, వ్యవస్థ దస్త్రాలు చెక్కుచెదరకుండా ఉన్నాయా అని పరీక్షించే ఆజ్ఞ ఇచ్చాడు. అన్నీ క్షేమమని జవాబు వచ్చింది. డిస్కులో 40 జీబీ ఖాళీ ఉంది. ఒక్కొక్క పరీక్షలోనూ యంత్రం ఉత్తీర్ణమవుతూనే ఉంది, ఫలితాల పట్టికలో మాత్రం తప్పినట్లు పడుతోంది. ముప్పైయేళ్ళ ఉద్యోగంలో ఇటువంటి పిల్లలను కొందరిని చూశాను. చదువు వస్తుంది, చేతివ్రాత బాగుంటుంది, మార్కులు రావు. వాళ్ళ విషయంలో కారణం ఎప్పుడూ మనం వెదికే పుస్తకంలో ఉండేది కాదు.

ఆ సంఖ్యను కూడా కుర్రవాడు విప్పి చూపాడు. అది పదహారు అంకెల పద్ధతిలో వ్రాసిన సంఖ్య. చివరి నాలుగు స్థానాలను మన లెక్కలోకి మారిస్తే 12175. సురక్షితమైన సంబంధం కుదరలేదు అని దాని తాత్పర్యం. ‘ఎవరికి ఎవరితో కుదరలేదు నాయనా?’ అని అడిగాను. ‘మనకూ సర్వరుకూ మాస్టారూ. ఎందుకో అది చెప్పడం లేదు’ అన్నాడు. అతనికి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఇక లాభం లేదని బజారులో ఒక మరమ్మతు దుకాణానికి తీసుకొనివెళ్ళాను.

దుకాణంలో యువకుడు యంత్రాన్ని తన వైఫైకి కలిపి, ఏదో పరికరం దించుకొందామని బ్రౌజరు తెరిచాడు. తెరమీద ఎఱ్ఱని గుర్తుతో నాలుగు పంక్తుల హెచ్చరిక కనబడింది. కనబడినంత వేగంగా మూసివేశాడు. ‘వైరస్ సార్. ఫార్మాటు కొట్టేద్దాం. డేటా ఏమన్నా ఉంటే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని రేపు తెండి’ అన్నాడు. పాత మృదులాంత్రం సంగతి చెబితే, ‘అలాంటివి ఇప్పుడెవరు వాడుతున్నారు సార్, యూనికోడ్ వచ్చేసింది కదా’ అన్నాడు. ఆ ముక్క మనకు చెప్పడం! 2006లో లేఖినిలో ఒక్కొక్క అక్షరం కూర్చుకొని కూడలిలో మన టపా కనబడిందా లేదా అని చూసుకొన్నవాళ్ళం. నవ్వు వచ్చింది కాని, నవ్వే స్థితిలో లేను.

ఆ రాత్రి, సెప్టెంబరు 24, పాటల దస్త్రాలను పెన్‌డ్రైవులోకి ఎక్కించడానికి కూర్చొన్నాను. తాళపత్రాలకు ప్రతులు వ్రాసిన లేఖకులు చివర సంవత్సరం, మాసం, తిథి, వారం చెప్పి సంతకం చేసేవారు. నాకూ ఆ అలవాటు ఉంది. సరిచూడడం పూర్తయిన పాట కింద తిథి వ్రాస్తాను. ఆనాడు ముగించిన పాట కింద ‘విశ్వావసు ఆశ్వయుజ శుద్ధ తదియ, బుధవారం’ అని ఉంది. దస్త్రాల జాబితాలో దాని పేరుకు ఎదురుగా యంత్రం వేసిన తేదీ 06-07-2025.

జూలై 6 ఆదివారం, తొలి ఏకాదశి. ఆనాడు నేను బెంగళూరులో పేలపిండి తింటున్నాను. ఇంట దేవీనవరాత్రులు నడుస్తుండగా యంత్రం మాత్రం ఆషాఢంలో ఉంది. దాచిన పట్టీని పైకి తెప్పించి చూశాను. మూలన అదే తేదీ, వేళ కూడా పొంతన లేనిది. శ్రీమహావిష్ణువు యోగనిద్రకు ఉపక్రమించే రోజు కదా తొలి ఏకాదశి, మళ్ళీ లేచేది కార్తీక శుద్ధ ఏకాదశికే. మా యంత్రం కూడా ఆయనతోపాటే పడక వేసినట్లుంది అనుకొన్నాను. అనుకొని, వైరసని చెప్పిన ఆ ఎఱ్ఱని హెచ్చరికను ఈసారి నేను తెరచి, చివరిదాకా చదివాను. మీ గడియారం వెనుకబడి ఉన్నది, మీ యంత్రంలోని తేదీ ఇది, ఇది సరికాదు, సరిచేసుకొనండి అని స్పష్టంగా చెబుతోంది. నాలుగు పంక్తులు, సంధులు లేని సులభశైలి.

గడియారం తప్పితే నవీకరణ ఎందుకు ఆగాలి? ఇది నాకు కుర్రవాడు చెప్పినదానికంటె బడి భాషలోకి మార్చుకొన్న తరువాత బాగా బోధపడింది. అంతర్జాలంలో ఒక యంత్రం మరొక యంత్రంతో గుట్టుగా మాట్లాడాలంటే ముందు ధ్రువపత్రం చూపాలి. దానిమీద రెండు తేదీలుంటాయి, ఎప్పటినుంచి చెల్లుతుంది, ఎప్పటివరకు చెల్లుతుంది అని. రెండవదాని సంగతి అందరికీ తెలుసు, గడువు తీరిన పత్రం చెల్లదు. మొదటిదాని సంగతి తలచుకొనేవారు తక్కువ. ఆగస్టు 20 తేదీ వేసిన టి.సి. పట్టుకొని ఒక విద్యార్థి వచ్చాడనుకొందాం. ప్రధానోపాధ్యాయుడి బల్లమీది కాలెండరు జూలై 6 అంటోంది. ఆయన ఏమి చేయాలి? టి.సి. అసలుదే, ముద్ర అసలుదే, సంతకమూ అసలుదే. ఐనా ఇంకా రాని రోజు తేదీ వేసిన కాగితాన్ని చేతిలోకి తీసుకోకూడదు. తీసుకోకపోవడమే ఆయన ధర్మం. నా లాప్‌టాప్ చేసినది అదే. అవతల తలుపు తెరిచే ఉంది. లోపల అన్నీ క్షేమంగా ఉన్నాయి. వచ్చినవాడి కాగితం మీది రోజు ఇంకా పుట్టలేదని ఇది నమ్ముతోంది, అందువల్ల నమస్కారం పెట్టి పంపివేస్తోంది.

పైగా ఈ పత్రాల ఆయుర్దాయం నానాటికీ తగ్గుతోంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారు ఉచితంగా ఇచ్చేవి 2025లో 90 రోజులకు. గడువుకు నెల ముందే కొత్తది తెచ్చిపెట్టుకోవడం పరిపాటి. అంటే 80 రోజులు వెనుకబడిన గడియారం కళ్ళకు అటువంటి పత్రాలు దాదాపు అన్నీ అజాతములే. ఇరవై ఏళ్ళ కిందట, ఇన్ని తాళాలూ పత్రాలూ లేని రోజులలో, తేదీ తప్పిన యంత్రంతోనైనా ఏ పుట కావాలంటే ఆ పుట చూడగలిగేవాళ్ళం.

అంతర్జాలం అందుతున్నప్పుడు యంత్రం తన గడియారాన్ని తానే దిద్దుకోదా అనే సందేహం నాకూ కలిగింది. దిద్దుకొంటుంది, ఒక హద్దులోపల. ఇళ్ళలోని యంత్రాలకు విండోస్ కాలసేవ పెట్టుకొన్న హద్దు 54,000 సెకన్లు, అంటే 15 గంటలు, మన లెక్కన ముప్పైయేడున్నర గడియలు. అంతకుమించిన తేడా కనబడితే, తప్పు నాదో చెప్పేవాడిదో తెలియదు అని మిన్నకుండిపోతుంది. ఎవరో దారినపోయేవాడు ‘అయ్యా, ఇది జూలై కాదు, సెప్టెంబరు’ అంటే నమ్మి పంచాంగం మార్చుకోరు కదా. ఈ నియమం నాకు నచ్చింది. నన్ను ఇబ్బంది పెట్టినా నచ్చింది.

ఏ శుభకార్యానికైనా ముందు సంకల్పం చెప్పుకొంటాం. బ్రహ్మకు ఎన్నవ పరార్ధమో అక్కడినుంచి మొదలుపెట్టి కల్పం, మన్వంతరం, యుగం, పాదం దాటుకొంటూ వచ్చి, ద్వీపం, వర్షం, ఖండం చెప్పి, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం దగ్గర ఆగుతాం. చిన్నతనంలో మా నాన్నగారు సంధ్యావందనం నేర్పేటప్పుడు, రోజూ చేసే పనికి ఇంత చిరునామా ఎందుకని అడిగాను. ‘ఎక్కడ ఉన్నావో, ఎప్పుడు ఉన్నావో చెప్పుకోలేనివాడి మాట ఎవరు వింటారురా?’ అన్నారు. యంత్రానికి దేశం చెప్పే చిరునామా అంతర్జాలమే ఇస్తుంది. కాలం మాత్రం తానే మోసుకొని రావాలి. మా లాప్‌టాప్ పదిహేను రోజులపాటు ప్రతి ఉదయమూ తప్పు తిథితో సంకల్పం చెప్పుకొన్నది.

మరునాడు కుర్రవాడు వచ్చి చేతితో తేదీ సరిచేసి నవీకరణ మీట నొక్కాడు. పది సెకన్లలో దిగడం మొదలయింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నాం. ‘ఇంతేనా మాస్టారూ!’ అన్నాడు. ఇంతే కాదని ఆ మరునాటి ఉదయం తేలింది. రాత్రి స్విచ్చు కట్టివేసిన వేళ ఎంతయిందో, ఉదయం తెరిచేసరికి కూడా గడియారంలో అంతే ఉంది. అప్పుడు బుర్ర గోక్కొని, ‘సెల్ పోయింది’ అన్నాడు.

యంత్రం ఆగి ఉన్నప్పుడు కూడా కాలాన్ని లెక్కపెట్టడానికి లోపల ఒక చిన్న గడియారం, దానికి మేత పెట్టడానికి రూపాయిబిళ్ళంత సెల్ ఒకటి ఉంటాయి. పెద్ద బాటరీగాని, గోడ కరెంటుగాని ఉన్నంతకాలం ఈ సెల్‌కు పెద్దగా పని ఉండదు. మా దానిలో పెద్ద బాటరీ లేదు, రాత్రిళ్ళు కరెంటూ లేదు. 2014 నాటి ఆ బిళ్ళ ఒక్కతే రెండేళ్ళు కాపలా కాసి, 69 రోజుల ఏకాంతవాసంతో శోషించిపోయింది. పూర్తిగా చచ్చిపోయి ఉంటే యంత్రం తేదీని ఎప్పటిదో చేసి చూపి, లేవగానే గోల చేసేది. కొనప్రాణంతో ఉండడం వల్ల ఆగినచోటును మాత్రం గుర్తుపెట్టుకొని, నడవలేక కూర్చొన్నది. నేను తిరిగి వచ్చాక రోజుకు సుమారు ఐదు గంటలు యంత్రం నడిపాను. పద్నాలుగు రోజులకు 70 గంటలు, ఉరామరిగా మూడు రోజులు. జూలై 3న ఆగిన గడియారం జూలై 6కు చేరడం లెక్కకు సరిపోయింది. లెక్క సరిపోయినప్పుడు కలిగే ఆనందం యతి కుదిరినప్పటి ఆనందం వంటిది.

ఆ సెల్ పేరు సీఆర్ 2032. దీనికి విగ్రహవాక్యం చెప్పుకోవచ్చు. సీ అంటే లిథియం, మాంగనీసు డయాక్సైడుల రసాయనం, ఆర్ అంటే గుండ్రనిది, 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం. ఇంత అర్థవంతమైన నామకరణం మన బారసాలల్లో కూడా ఈమధ్య కనబడడం లేదు. అది ఇచ్చేది మూడు వోల్టులు.

ఇప్పుడు ఛందస్సు. ఈ గడియారపు గుండెకాయ ఒక స్ఫటికం, సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ సంఖ్య ఎందుకని కుర్రవాణ్ణి అడిగితే, ‘రెండును పదిహేనుసార్లు హెచ్చవేస్తే వస్తుంది మాస్టారూ, సగం సగం చేసుకుంటూ పోతే పదిహేనోసారికి సరిగ్గా సెకనుకు ఒకటి మిగులుతుంది’ అన్నాడు. నేను కుర్చీలో నిటారుగా కూర్చొన్నాను. గురులఘువుల ప్రస్తారంలో పదిహేనక్షరాల పాదానికి సాధ్యమయ్యే వృత్తాల సంఖ్య కూడా అదే, ఎందుకంటే ప్రతి అక్షరానికీ గురువో లఘువో రెండే దారులు. ఆ ఛందస్సు అతిశక్వరి. మన మాలినీవృత్తం దానిలోదే, న న మ య య గణాలతో ప్రస్తారంలో 4672వది. ఉద్దిష్టం కట్టి కాగితం మీద చూపించాను, లఘువున్న స్థానాల విలువలు 63, 512, 4096. కూడితే 4671, ఒకటి కలిపితే 4672. కుర్రవాడు ఆ కాగితాన్ని ఫోటో తీసుకొన్నాడు. ‘ఇది బైనరీ కదా మాస్టారూ!’ అన్నాడు. అవును నాయనా, మేము దానిని పద్యాలకు వాడుకొన్నాం. గణయంత్రం లోపల ప్రతి సెకనుకూ అతిశక్వరి ప్రస్తారం ఒకసారి మొదటినుంచి చివరిదాకా నడిచి ముగుస్తూ ఉంటుందన్న ఊహ నన్ను ఇప్పటికీ వదలలేదు.

అదే దుకాణానికి వెళ్ళాను. ఫార్మాటు వద్దు, లోపల సెల్ మార్చమన్నాను. యువకుడు అడుగుపలక విప్పాడు. లాప్‌టాపులలో ఈ బిళ్ళ మామూలుగా దొరికే విధంగా ఉండదు, నల్లని తొడుగులో చుట్టి, రెండు తీగలు అతికించి, చివర చిన్న ప్లగ్గు పెట్టి ఉంటుంది. మీటరు పెట్టి చూస్తే పాతది రెండు వోల్టులకు దిగువన ఉంది. కొత్తది బిగించి, యంత్రం లేస్తుండగానే లోపలి పట్టికలో తేదీ, వేళ సరిచేసి, ‘భలే పట్టారు సార్’ అన్నాడు మనస్ఫూర్తిగా. మొత్తం రెండు వందల రూపాయలు తీసుకొన్నాడు. తరువాత వచ్చిన మనిషి సంచిలోంచి యంత్రాన్ని తీస్తుండగానే, ‘డేట్ ఒకసారి చూడండి’ అంటున్నాడు.

నవీకరణలు రెండు విడతలుగా, మూడుసార్లు పునఃప్రారంభంతో దిగాయి. నమోదు లంకె కనబడింది. నమోదు అయింది. దసరా ఇంకా వెళ్ళలేదు. మీలో ఎవరికైనా పాత యంత్రంలో ఇటువంటి పేచీ ఎదురైతే, ముందు మూలన ఉన్న తేదీని, సంవత్సరంతో సహా, గోడమీది కాలెండరుతో సరిచూడండి. ఒకసారి దిద్ది, రాత్రంతా ప్లగ్గు తీసి ఉంచి, ఉదయం మళ్ళీ చూడండి. అది సరిగానే ఉంటే మీ జబ్బు వేరు, ఈ టపా మీకు మందు కాదు.

ఇక మిగిలినది ఆ పద్నాలుగు రోజులలో నేను సరిచూసిన పాటల మాట. అవి పదకొండు. ఆ పదకొండు దస్త్రాల మీదా యంత్రం వేసిన తేదీలు జూలై 3 నుంచి 6 వరకు ఉన్నాయి. లోపల నేను వ్రాసుకొన్న తిథులు భాద్రపద బహుళానివి, ఆశ్వయుజానివి. కావాలంటే ఆ తేదీలను మార్చే ఉపాయం ఉందన్నాడు కుర్రవాడు. అక్కరలేదన్నాను. యంత్రానికి అప్పుడు అది ఆషాఢమే.

213వది అప్పగింతల పాట. మూడు పాఠాంతరాలు ఇచ్చింది, మూడవది వాళ్ళమ్మమ్మ పాడినది. అందులో ఒత్తులు బాగా జారాయి. నాలుగు రోజులు పట్టింది.